అయ్యగారూ, కారు కూడా పొలం మాదిరి పెరుగుతుందా?



మొన్న ఒక ఆదివారం ఆరాధన ముగిసి అందరూ ఇండ్లకు వెళ్ళిపోయిన తర్వాత, మా సంఘపు పెద్ద ఒకాయన గుడి మెట్ల మీదనే కూర్చుండిపోయినాడు. చాపాడు మండలంలో కె.సి. కెనాల్ కింద సేద్యం చేసుకునే కుటుంబం అది. వరి వేస్తారు, పసుపు వేస్తారు, ఒక్కో ఏడు ఉల్లి వేసి చేతులు కాల్చుకుంటారు. ఆయన మాట తక్కువ మనిషి. ప్రొద్దుటూరు, మైదుకూరు రోడ్డు పక్కన తన వాటాకు వచ్చిన కొంత నేలను ఈ ఏడు అమ్మినాడు. ఆ డబ్బు 60 లక్షలు బ్యాంకులో ఉంది. ఆ సంగతి ఊరికంతా తెలుసు గనుక నేను దాచి వ్రాయవలసింది లేదు.

"అయ్యగారూ, పిల్లోడు కారు కొందామంటాండాడు" అన్నాడు.

"కొననీ అన్నా. ఇంటికొక బండి ఉంటే ఆస్పత్రికైనా అక్కరకు వస్తుంది కదా" అన్నాను.

"అట్లాంటి బండి కాదయ్యా. రెండు డోర్లదంట. పాతదే 58 లక్షలంట. ఇది ఖర్చు కాదు నాయనా, పెట్టుబడి, పదేండ్లు పెట్టుకుంటే రెండింతలు మూడింతలు అయితాది అంటాడు. నాకు తల్లోకి ఎక్కలే. మీరు చదువుకున్నోళ్ళు. కారు కూడా పొలం మాదిరి పెరుగుతుందా?"

నేను చదివింది వేదాంతంలో డిప్లొమా. మోటారు కార్ల గూర్చి ఆ క్లాసులలో ఎవరూ నాకు చెప్పలేదు. అయినా ఒక తండ్రి భూమి అమ్మిన డబ్బు గూర్చి అడిగినప్పుడు, నాకు తెలియదు అని లేచిపోవడానికి మనసొప్పలేదు. రెండు వారాలు గడువు అడిగినాను. ఆ రెండు వారాల్లో బెంగుళూరులో ఉద్యోగం చేసే ఆ అబ్బాయితో గంటల కొద్దీ ఫోన్లో మాట్లాడినాను. ప్రొద్దుటూరులో ఒక మెకానిక్కును, ఒక బీమా ఏజెంటును కలిసినాను. దొరికినంత చదివినాను. ఆ కుటుంబం సరేనన్న తర్వాతే, పేర్లు లేకుండ ఇది వ్రాస్తున్నాను. పొలం అమ్మిన డబ్బు చేతిలో ఉన్న తండ్రి, పట్నంలో ఉద్యోగం చేసే కొడుకు ఉన్న ఇండ్లు మన సంఘాలలో ఇప్పుడు చాలానే ఉన్నాయి.

మొదట అబ్బాయి వాదన చెప్పాలి. వానిని తెలివి తక్కువవాడని ఎవరూ అనుకోవద్దు. నాకంటె ఎక్కువే చదువుకొని మాట్లాడినాడు.

వాడు చూసిన కారు ఫోర్డ్ మస్టాంగ్ జి.టి. అమెరికావారి బండి. 1964 ఏప్రిల్‌లో ఈ పేరుతో మొదటి కారు వచ్చినప్పుడు మొదటి సంవత్సరంలోనే 4 లక్షలకు పైగా అమ్ముడుపోయినాయి. మన దేశంలో 2016 జూలైలో దీన్ని అధికారికంగా అమ్మడం మొదలుపెట్టినారు. అప్పుడు షోరూము ధర 65 లక్షలు. 5 లీటర్ల ఇంజను, ఎనిమిది సిలిండర్లు, దాదాపు 400 గుర్రాల బలం. 2020లో పొగ విషయంలో కొత్త నిబంధనలు వచ్చేసరికి ఇక్కడ అమ్మకం ఆగింది. 2021 సెప్టెంబరులో ఫోర్డు కంపెనీ మన దేశంలో కార్ల తయారీనే మానుకుంటున్నట్లు ప్రకటించింది. కాబట్టి ఇండియాలో ఈ బండ్లు వందల్లోనే ఉన్నాయి, ఇంక కొత్తవి రావడం లేదు, ముందు ముందు అన్నీ కరెంటు కార్లే అయితాయి, అప్పుడు ఈ పెట్రోలు ఇంజను శబ్దం కోసం జనం ఎగబడతారు అని వాని లెక్క.

"అంకుల్, పాత కార్లు కోట్లకు అమ్ముడుపోతున్నాయా లేదా? మీరే చూడండి" అన్నాడు.

చూసినాను. పోతున్నాయి. ఇటలీ దేశపు ఫెరారీ కంపెనీ 1962 నుండి 1964 దాక 250 జి.టి.ఓ. అనే పందెపు కార్లు 36 మాత్రమే చేసింది. అప్పుడు అమెరికాలో కొత్త బండి ధర 18 వేల డాలర్లు. వాటిలో ఒకటి 2018 ఆగస్టులో వేలంలో 4 కోట్ల 84 లక్షల డాలర్లు పలికింది. 2023 నవంబరులో ఇంకొకటి 5 కోట్ల 17 లక్షల డాలర్లకు పోయింది. వీటన్నిటికీ మించి 1955 నాటి మెర్సిడెస్ బెంజ్ 300 ఎస్.ఎల్.ఆర్. కూపే అనే కారును 2022 మేలో 13 కోట్ల 50 లక్షల యూరోలకు కొన్నారు. మన డబ్బులో అప్పటి లెక్కకు దాదాపు 1,100 కోట్లు. అటువంటివి లోకంలో రెండే ఉన్నాయి.

మస్టాంగులోనే ఒక కథ ఉంది. అబ్బాయి చెప్పినదాంట్లో నాకు బాగా నచ్చింది అదే. 1968లో వచ్చిన 'బుల్లిట్' అనే ఇంగ్లీషు సినిమాలో హీరో స్టీవ్ మెక్వీన్ నడిపిన మస్టాంగును 1974లో అమెరికాలో ఒక సంసారి 6 వేల డాలర్లకు కొన్నాడు. ఆయన భార్య పంతులమ్మ. ఆ కారులోనే బడికి పోయి వచ్చేది. 1977లో ఆ హీరోనే, ఆ కారు నాకు తిరిగి ఇస్తారా అని జాబు వ్రాస్తే వీళ్ళు ఇవ్వలేదు. 1980 దాపున క్లచ్ పాడై అది ఇంట్లోనే మూలన పడింది. తండ్రి చనిపోయిన తర్వాత కొడుకు దాన్ని బాగుచేసి 2020 జనవరిలో వేలం వేస్తే 37 లక్షల 40 వేల డాలర్లు వచ్చినాయి.

నేను ఈ కథ రెండుసార్లు చదివినాను. చదివే కొద్దీ ఒక సంగతి కనిపించింది. ఆ కుటుంబం దాన్ని పెట్టుబడి అని కొనలేదు. తిరగడానికి కొన్నారు, పిల్లలను ఎక్కించుకున్నారు, చెడిపోతే అమ్మబుద్ధి కాక పెట్టుకున్నారు. 46 ఏండ్లు ఆగినారు. పైగా ఆ ధర మస్టాంగుకు వచ్చింది కాదు, ఆ సినిమాలో పరుగెత్తిన ఆ ఒక్క బండికి వచ్చింది. అదే సంవత్సరపు అదే రకం మస్టాంగులు అమెరికాలో వేలకొద్దీ ఉన్నాయి. వాటిని ఎవరూ అంత ధరకు అడగలేదు.

ఇక్కడే అబ్బాయి లెక్కలో మొదటి చిక్కు ఉంది. మన దేశంలో వందల్లో ఉన్నంత మాత్రాన అది అరుదైన బండి అయిపోదు. 2018 ఆగస్టు నాటికి ఫోర్డు వారు మస్టాంగులు కోటి చేసినారు. ఇప్పటికీ ఎనిమిది సిలిండర్ల ఇంజనుతో కొత్తవి విదేశాల్లో అమ్ముతూనే ఉన్నారు. రేపు వాళ్ళు మనసు మార్చుకొని మళ్ళీ ఇక్కడికి తెస్తే ఈ కొరత ఒక్క రోజులో తీరిపోతుంది. మన దగ్గర ఉన్నవి కుడివైపు స్టీరింగు బండ్లు గనుక అమెరికాలో కొనేవారు ఉండరు. ఇంకొకటి. పాత స్పోర్ట్స్ కార్లను మోజుపడి కొనేవారు చేతితో గేరు మార్చే బండ్లకే ఎక్కువ ధర పెడతారు. ఇండియాలో అమ్మిన మస్టాంగు జి.టి. ఆటోమేటిక్ గేరుది. ఈ సంగతి నేను అన్నప్పుడు ఫోన్లో అవతల కాసేపు మాట లేదు. మా మెకానిక్కు చెప్పకపోతే నాకూ ఆ తేడా తెలిసేది కాదు లెండి.

అట్లని ఈ కాలపు కార్లు ఎన్నటికీ విలువ పెరగవని చెబితే అది అబద్ధమవుతుంది. జపాను దేశపు లెక్సస్ కంపెనీ 2010 నుండి 2012 దాక ఎల్.ఎఫ్.ఎ. అనే స్పోర్ట్స్ కారును 500 మాత్రమే చేసింది. ధర 3 లక్షల 75 వేల డాలర్లు. అప్పుడు కొనేవాళ్ళు లేక కొన్ని బండ్లు ఏండ్ల తరబడి అమెరికా షోరూముల్లోనే పడి ఉన్నాయి. ఈనాడు అదే కారు అసలు ధరకు దాదాపు రెండింతలు, ఇంకా పైన కూడా పలుకుతోంది. ఇంగ్లండులో 1992 నుండి 1998 దాక చేసిన మెక్‌లారెన్ ఎఫ్ 1 కార్లు మొత్తం 106. ఒకటి 2021 ఆగస్టులో 2 కోట్ల డాలర్లు దాటింది.

కాని ఆ మెక్‌లారెన్ వెనుక ఒక తమాషా ఉంది. దాని ఇంజనులోని ఎలక్ట్రానిక్ పెట్టెతో మాట్లాడాలంటే 1990ల నాటి కాంపాక్ ల్యాప్‌టాప్ కావలసి వచ్చేది. కొత్త కంప్యూటరు దానితో కలిసేది కాదు. కోట్ల కారును బాగుచేయడానికి ఆ కంపెనీవారే పాత కంప్యూటర్ల కోసం వెతుక్కోవలసి వచ్చింది. పాత కాలపు బండికి కార్బొరేటరు, ప్లగ్గు, పాయింట్లు. ప్రొద్దుటూరులో ఏ మెకానిక్కయినా విప్పి ఊది బిగిస్తాడు. ఈ కాలపు స్పోర్ట్స్ కారులో పదుల కొద్దీ కంప్యూటర్లు, తెరలు, సెన్సార్లు. ఇరవై ఏండ్ల తర్వాత ఒక తెర నల్లబడితే, ఆ సామాను చేసే కంపెనీయే ఉండకపోతే, బండి చూడడానికి కొత్తదిగా ఉన్నా కదలదు.

నష్టపోయినవారి కథలు మాత్రం ఇంత జోరుగా ఎవరూ చెప్పరు. నాకు బాగా పనికి వచ్చినవి అవే.

1988లో ఇంగ్లండులో జాగ్వార్ కంపెనీ ఎక్స్.జె. 220 అనే స్పోర్ట్స్ కారును ప్రదర్శనలో చూపించింది. పన్నెండు సిలిండర్ల ఇంజను అన్నారు. ఆ రోజుల్లో పాత కార్ల ధరలు గాలిపటాల మాదిరి ఎగురుతున్నాయి. బండి ఇంకా తయారు కాకముందే 50 వేల పౌండ్లు అడ్వాన్సు కట్టడానికి జనం పోటీ పడినారు. వాళ్ళలో చాలామంది నడపడానికి కాదు, చేతికి రాగానే ఎక్కువకు అమ్ముకోవడానికి కట్టినారు. 1992లో బండి వచ్చేసరికి సిలిండర్లు ఆరే, ధర 4 లక్షల 70 వేల పౌండ్లకు ఎక్కింది, ఆ దేశంలో మాంద్యం వచ్చింది. అడ్వాన్సు కట్టినవారు మాకు కారు వద్దని కోర్టుకు పోయినారు. కొందరు బండి తీసుకోకుండ వదిలించుకోవడానికి ఎదురు డబ్బు కట్టినారు. సుమారు 280 కార్లతో తయారీ ఆగిపోయింది. మిగిలినవి తర్వాత చాలా తక్కువకు పోయినాయి. అరుదైన బండే, అందమైన బండే, అప్పట్లో లోకంలోనే అతి వేగమైన బండ్లలో ఒకటి. ముప్పై ఏండ్లు దాటిన తర్వాత దానికి మళ్ళీ ఆదరణ వచ్చింది గాని, అప్పుడు పూర్తి ధర పెట్టి కొన్నవాని డబ్బు ముప్పై ఏండ్లు పండుకొని నిద్రపోయినట్లే.

నేను మొదట చెప్పిన ఫెరారీ 250 జి.టి.ఓ. కూడ 1989లో కోటి డాలర్లు దాటి, 1994లో 27 లక్షల డాలర్లకు పడిపోయింది. ఎగిరినప్పుడు కొన్నవాడు నాలుగైదు ఏండ్లలో ముక్కాలు వంతుకు పైగా పోగొట్టుకున్నాడు. ఓపిక పట్టి ఇరవై ఏండ్లు ఉంచుకొన్నవారికి అది మళ్ళీ వచ్చింది. కూతురి పెండ్లి మధ్యలో వచ్చినవానికి రాలేదు.

ఈ మధ్య సంగతి ఒకటి చెప్పి విదేశాలు వదిలేస్తాను. 2016లో పోర్షే కంపెనీ 911 ఆర్ అనే కారును 991 మాత్రమే చేసింది. అమెరికాలో ధర 1 లక్షా 84 వేల 900 డాలర్లు. కొద్ది నెలల్లోనే అమ్మేవాళ్ళు పది లక్షల డాలర్ల దాక అడిగినారు. 2017లో అదే కంపెనీ, అదే మాదిరి ఇంజను, చేతి గేర్లతో ఇంకొక బండిని లెక్క కట్టకుండ అమ్ముతామని ప్రకటించింది. 911 ఆర్ ధర జారిపోయింది. పొలాన్ని ఇంకొకరు తయారు చేయలేరు. కారును చేసిన కంపెనీ తలచుకుంటే దానికి తమ్ముణ్ణి కనగలదు.

ఈ విదేశాల లెక్కలు విన్న పెద్దాయన, "మన కాడ అట్లాంటి కారు ఏదీ లేదా అయ్యా?" అన్నాడు. ఉంది. హైదరాబాదులో చౌమహల్లా ప్యాలెస్ చూసినవారికి తెలిసి ఉంటుంది. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోరి చేయించుకొన్న పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ అది. లోపల సింహాసనం మాదిరి ఎత్తు ఆసనం, పైన గుమ్మటం. 1911లో ఆయన చనిపోయినాడు. ఆ కారు 1912 నాటిది, అంటే కోరినవాడు ఎక్కనే లేదు. కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో పండుగలకు, ఊరేగింపులకు వాడినారు. మొత్తం మీద 356 మైళ్ళు మాత్రమే తిరిగిందని చెబుతారు. మన చాపాడు నుండి హైదరాబాదు పోయి వచ్చినంత కూడా లేదు. ఈనాడు దానికి వెల కట్టేవారు లేరు. అయితే నిజాం గ్యారేజీల్లో ఉన్న బండ్లన్నీ అట్లా మిగిలినాయా? లేదు. నౌకర్లు, షెడ్లు, డబ్బు ఉన్న రాజుగారి ఇంట్లోనే ఒకటి మ్యూజియంకు చేరితే ఎన్నో తుప్పు పట్టినాయి. తుప్పును గూర్చి ప్రభువు కొండమీద చెప్పిన మాట మీకు తెలుసు. ఇక్కడ దాన్ని ప్రసంగంగా చేయను. మెకానిక్కు చెప్పిన తుప్పు సంగతే చాలు.

ఆ మెకానిక్కు దగ్గర కూర్చుంటే నాకు సగం భ్రమ వదిలింది. స్పోర్ట్స్ కారును నడపకుండ పెడితే బాగుంటుంది కదా అన్నాను. ఆయన నవ్వినాడు. నడిపితే అరుగుతుంది, నడపకపోతే చెడుతుంది అన్నాడు. ట్యాంకులో పెట్రోలు నెలల తరబడి నిలిస్తే జిగురు పడుతుంది. బ్యాటరీ చస్తుంది. టైర్లు ఒక్క మైలు తిరగకపోయినా కొన్నేండ్లకు గట్టిపడి పగులుతాయి. మన కడప ఎండకు రబ్బరు సీళ్ళు, డ్యాష్‌బోర్డు తట్టుకోవు. అన్నిటికంటె ఎలుక. పల్లెలో గాదె పక్కన పెట్టిన కారులో ఎలుక దూరి వైర్లు కొరికితే ఆ వైరింగు ఈ రాష్ట్రంలో దొరకదు. కాబట్టి షెడ్డు కావాలి, వారానికోసారి స్టార్టు చేయాలి, నెలకోసారి తిప్పాలి. ఎక్కడ తిప్పుతాము? దాని కడుపు నేలకు అంత దగ్గర. మా వీధి మొదట్లో ఉన్న స్పీడు బ్రేకరు మీద ఆటో ఎక్కితేనే అడుగు తగులుతుంది.

ఇక బీమా ఏజెంటు చూపించిన లెక్క. మన దేశంలో కారుకు బీమా కట్టేటప్పుడు దాని విలువను ఏటా తగ్గిస్తారు. ఆరు నెలలు దాటితే నూటికి 15, ఏడాది దాటితే 20, రెండేండ్లు దాటితే 30, మూడేండ్లకు 40, నాలుగేండ్లు దాటితే 50. అయిదేండ్లు దాటినదానికి కంపెనీ, యజమాని కూర్చొని మాట్లాడుకోవాలి. అంటే నీ బండి పెరిగిందని నువ్వు ఎంత చెప్పుకున్నా, అది కాలిపోయిన రోజున వచ్చే డబ్బు కాగితం మీద వ్రాసుకొన్నంతే.

రిజిస్ట్రేషన్ పదిహేనేండ్లు. ఆ తర్వాత అయిదేండ్లకు ఒకసారి ఫిట్‌నెస్ చూపించి పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్ నుండి కారుకు ఆ రుసుము 5 వేలు. ఇరవై ఏండ్లు దాటినదానికి 2025 ఆగస్టులో దాన్ని 10 వేలు చేసినారు. బెంగుళూరు బండిని మన రాష్ట్రానికి తెచ్చుకుంటే అక్కడి నుండి నిరభ్యంతర పత్రం, ఇక్కడ మళ్ళీ పన్ను. వింటేజి బండి అని ప్రభుత్వం గుర్తించడానికి 2021లో కేంద్రం నిబంధనలు పెట్టింది. బండికి 50 ఏండ్లు నిండాలి, అసలు రూపం మార్చి ఉండకూడదు. మొదటి రుసుము 20 వేలు, పదేండ్లకు చెల్లుతుంది. అప్పుడు కూడ ప్రదర్శనలకు, ర్యాలీలకు తప్ప రోజూ తిరగడానికి లేదు. అబ్బాయి చూసిన బండి 2018ది. అది వింటేజి అయ్యేది 2068లో. వానికి ఇప్పుడు 29.

వడ్డీ లెక్క నేనే వేసినాను. 58 లక్షలు నూటికి 7 వడ్డీకి బ్యాంకులో పదేండ్లు వేస్తే, పన్ను సంగతి పక్కన పెడితే, దాదాపు 1 కోటి 15 లక్షలు అవుతుంది. కారుకు బీమా, సర్వీసు, టైర్లు, షెడ్డు కలిపి ఏటా లక్షన్నరకు తగ్గదని మెకానిక్కు అంచనా. పదేండ్లకు 15 లక్షలు. అంటే ఆ మస్టాంగు పదేండ్లకు 1 కోటీ 30 లక్షలకు పోతే గాని బ్యాంకులో ఊరికే వేసినవానితో సమానం కాదు. రెండింతలు దాటి పెరిగినా లాభం సున్న. ఆ మాట కాగితం మీద వ్రాసి చూపించేదాక నాకే నమ్మబుద్ధి కాలేదు.

నా సొంత సంగతి ఒకటి చెప్పాలి. మా నాన్నకు యెజ్డీ మోటారు సైకిలు ఉండేది. మైసూరులో ఐడియల్ జావా కంపెనీవారు చేసేవారు, 1996లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. వాక్యం చెప్పడానికి ఊర్లు తిరిగిన బండి అది. 2001లో నా చదువు ఫీజుకు దాన్ని నాలుగున్నర వేలకు అమ్మినాము. ఈ మధ్య ఒకతను అదే రకం బండిని లక్షకు పైగా పెట్టి కొని తుడుచుకుంటూ ఉంటే చూసి కడుపులో కలుక్కుమన్నది. ఆ రాత్రి లెక్క వేసినాను. మా ఇల్లు అప్పుడు కురిసేది. ఇరవై అయిదేండ్లు ఆ వానకు ఉంచి ఉంటే మిగిలేది ఇనుప సామాను. బాగు చేయించడానికి డబ్బూ లేదు, చేయించి ఉంటే ఖర్చు లక్షకు దగ్గర పడేది. యమహా ఆర్.ఎక్స్. 100 సంగతీ అంతే. 1985 నుండి 1996 దాక వచ్చిన బండి, ఈనాడు బాగున్నదానికి అప్పటి ధరకు ఎన్నో రెట్లు ఇస్తామంటారు. లక్షల కొద్దీ అమ్ముడుపోయినవాటిలో ఎన్ని తుక్కుకు పోయినాయో ఎవరూ చెప్పరు. పోయినవి పోయినందుకే ఉన్నవాటికి ధర. మన పక్క జిల్లా పెనుకొండలో 2019 నుండి కియా కార్లు వరుసగా బయటికి వస్తున్నాయి. యాభై ఏండ్ల తర్వాత వాటిలో ఒకటి మ్యూజియంలో ఉంటుందేమో. అది మన ఇంటి ముందరిదే అవుతుందని ఎట్లా చెప్పగలం?

రెండో వారం వాళ్ళింటికి పోయినాను. అబ్బాయి సెలవు పెట్టి వచ్చినాడు. తల్లి చాయ్ తెచ్చి అక్కడే గుంజకు ఆనుకొని నిలబడింది. నేను నా కాగితాలు తీసినాను. అబ్బాయి ప్రతి దానికీ జవాబు చెప్పినాడు, కొన్నిటికి మంచి జవాబే చెప్పినాడు. బంగారం కూడ వడ్డీ ఇవ్వదు కదా అంకుల్ అన్నాడు. నిజమే. ప్రొద్దుటూరును రెండో బొంబాయి అని పిలుచుకొనే మనకు బంగారం సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. 2000 ప్రాంతంలో పది గ్రాములు 4,400 దాపున ఉండింది, 2025 ఏప్రిల్‌లో లక్ష దాటింది. మధ్యలో 2013లో పడిపోయి ఏండ్ల తరబడి లేవని రోజులూ ఉన్నాయి. కాని బంగారాన్ని అంగడి వీధిలో ఏ దుకాణానికి తీసుకొనిపోయినా తూచి ధర చెబుతారు. విరిగిన కమ్మకు కూడ ధర ఉంది. కారు తలుపు ఒకటి అమ్మి ఆస్పత్రి బిల్లు కట్టలేము.

పెద్దాయన అంతసేపు వింటూనే ఉన్నాడు. అప్పుడు నోరు తెరిచినాడు.

"అంటే ఇది బండలాగుడు ఎద్దుల మాదిరి కదప్పా" అన్నాడు.

నాకు మొదట అర్థం కాలేదు. ఆయనే చెప్పినాడు. మన సీమలో తిరునాళ్ళకు బండలాగుడు పోటీలు జరుగుతాయి. ఆ జత కోసం లక్షలు పోస్తారు. వాటితో దున్నరు, బండి కట్టరు. ఉలవలు పెట్టి, నీళ్ళు పోసి, ఒళ్ళు రుద్ది, మనిషిని పెట్టి సాకుతారు. గెలిస్తే ఆ జత ధర మూడింతలు. కాలు బెణికితే సంతలో మామూలు ఎద్దు ధర. కొనేవాళ్ళు జిల్లాకు పదిమందో ఇరవైమందో. వాళ్ళకు ఒకరినొకరు తెలుసు. వాళ్ళలో ఏ ఒక్కరూ పొలం అమ్మి ఎద్దులు కొనలేదు, పొలం ఉండబట్టి కొన్నారు.

"పందెం ఎద్దులు పెట్టేవానికి అవంటే పిచ్చి. డబ్బు వస్తే సరి, రాకపోయినా వాడు రోజూ పొద్దున లేసి వాటి మొగం చూస్తాడు. నీకు ఆ కారంటే పిచ్చి ఉండాదా, డబ్బంటేనా?" అని కొడుకును అడిగినాడు.

అబ్బాయి తల వంచుకొని, "రెండూ ఉండాయి నాయనా" అన్నాడు. ఆ మాట నిజాయితీగా చెప్పినాడని నాకు తోచింది. నేను రెండు వారాలు తిరిగి తెచ్చిన కాగితాలన్నీ ఆ ఒక్క ప్రశ్న ముందర చిన్నవైపోయినాయి.

అప్పటిదాక మాట్లాడని తల్లి, "చెల్లెలి నర్సింగు ఇంకా రెండేండ్లు ఉండాది" అని మాత్రం అని లోపలికి పోయింది.

నా అభిప్రాయం అడిగినారు గనుక చెప్పినాను. సొంత సంపాదనలో, పోయినా ఇల్లు కదలదు అనుకొన్న డబ్బుతో, ఆ బండి మీద ప్రేమ ఉండి కొంటే తప్పు లేదు. పెరిగితే పెరిగింది. ఇది మాత్రం మీ నాయన చెమట, మీ అవ్వ కాలం నుండి వచ్చిన నేల. దీన్ని ఎంతకు అమ్ముడుపోతుందో ఎవరూ చెప్పలేనిదాంట్లో పెట్టవద్దు అన్నాను. పెద్దాయనకు కూడ ఒక మాట అన్నాను. కొడుకును ఆశపోతు అనుకోవద్దు, ఉద్యోగం చేసే పిల్లలకు మన పొలం లెక్క ఎట్లా తెలియదో, మనకు వాళ్ళ లోకం అట్లా తెలియదు, వాడు మీతో చెప్పి చేయాలనుకున్నాడు, అది చిన్న సంగతి కాదు అన్నాను.

అప్పుడు బయట పడింది, అబ్బాయి అప్పటికే ఆ సెకండ్ హ్యాండ్ కార్ల డీలరుకు 50 వేలు అడ్వాన్సు కట్టి ఉన్నాడని. జీతంలోనుండి కట్టినాడు. ఆ వారమే బెంగుళూరు పోయి, బండి సర్వీసు పుస్తకం మొత్తం చూపించమని అడిగినాడట. మొదటి మూడేండ్లది ఉంది, తర్వాతది లేదు. వద్దని చెప్పి అడ్వాన్సు తిరిగి ఇమ్మన్నాడు. పది వేలు పట్టుకొని 40 వేలు ఇచ్చినారు.

60 లక్షలు ఇప్పటికీ బ్యాంకులోనే ఉన్నాయి. కె.సి. కెనాల్ కింద ఎకరన్నర అమ్మకానికి ఉందని తెలిసి తండ్రీ కొడుకులు కలిసి పోయి చూసి వచ్చినారు, దస్తావేజులు సరిగా లేవని ఆగినారు. ఆ పది వేల గూర్చి ఆ ఇంట్లో ఇంతవరకు ఎవరూ మాట్లాడలేదు.